ఏటిలోకి వెళ్లేవాళ్లను వెనక నుంచి పిలవడం

మా రేవులో నేను గిన్నెలు తోముకునే నల్లరాయి ఒకటుంది. పడుకున్న గేదె వీపులా సగం నీళ్లలో, సగం పైన ఉంటుంది. దాని పక్కకి మూడు గాట్లు. ఎవరు కొట్టారో ఎవరికీ తెలియదు. మా అత్త కాపరానికొచ్చే నాటికే ఉన్నాయట. నీరు కింది గాటు దగ్గరుంటే మేకలు కూడా ఏరు దాటేస్తాయి. నడిమి గాటు దగ్గరుంటే మా ఆయన పడవలకి మంచి నీరు. పై గాటు తడిసిందంటే ఆ రోజు ఏటిలో ఎవరూ కాలు పెట్టరు.

పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో కూర్చుని మా ఆయన నన్నడిగే మొదటి మాట ఇదే.

"రాయేటందే?"

నేను చెప్పాకే పడవలు దిగుతాయి.

పడవలంటే మన దోనెల్లాంటివి కావు. మనిషికొకటి, ప్లాస్టిక్‌వి, కాకరకాయలా రెండు కొసలూ సన్నగా ఉంటాయి. కయాక్ అంటారు. కాళ్లు చాపుకుని అందులో కూర్చుంటే, లోపలికి నీరు పోకుండా నడుము చుట్టూ రబ్బరు గుడ్డ బిగిస్తారు. చేతిలో రెండు కొసలా రెక్కలున్న తెడ్డు, నెత్తిన హెల్మెట్, ఒంటికి లైఫ్ జాకెట్. నాగావళి ఒడిశా కొండల్లోంచి దిగి మా దగ్గరికొచ్చేసరికి రాళ్ల మధ్య తెల్లగా నురగలు కక్కుతూ ఉరుకుతుంది. ఆ ఉరుకు మీద జారడానికే విశాఖపట్నం నుంచీ హైదరాబాదు నుంచీ జనం వస్తారు. బొబ్బిలిలో రైలు దిగితే మా మరిది జీపులో తీసుకొస్తాడు. వానలు వెనకపట్టిన దగ్గర్నుంచి చలి ముదిరేదాకా మాకిదే పని.

మా ఆయన ఇది నేర్చుకున్నది ఉత్తరదేశంలో. పెళ్లికి ముందు అక్కడ ఒక పెద్ద నది ఒడ్డున గుడారాలు మోసే కూలీగా వెళ్లాడు. తరవాత వంటలో చేరాడు, తరవాత తెడ్డు పట్టాడు, చివరికి పదిమందిని వెంటపెట్టుకుని నీళ్లమీద నడిపించే పనిలో కుదిరాడు. తిరిగొచ్చి తమ్ముడికి నేర్పాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి ఇక్కడ మొదలుపెట్టారు. వచ్చినవాళ్లకి వండిపెట్టడం నా వంతు.

మా అత్తకి ఈ పని ఏనాడూ నచ్చలేదు. వచ్చినవాళ్ల మొహం మీదే అనేసేది.

"బకెట్లో కూకొని కొట్టుకుపోడానికి రైలెక్కొచ్చినారేటమ్మా? మీ ఊర్లో బకెట్లు నేవా?"

వాళ్లు నవ్వేవారు. మా మరిది ఊరుకునేవాడు కాదు. "అమ్మా, నువ్వూ ఓపాలి కూకో. సికాకుళం దాకా తోలుకెల్లి ఒగ్గీసొస్తాను."

"ఒగ్గీరా, ఒగ్గీ. నన్నొగ్గీసొచ్చి, వొండినదంతా నువ్వొక్కడివే మెక్కుదువు గాని."

బయల్దేరేటప్పుడు మాత్రం మా ఇంట్లో ఎవరూ ఇలా ఆడరు. ఎక్కడికని అడగరు. ఏదైనా మరిచిపోయి వెళ్తుంటే ఎవరో ఒకరు చుట్టూ తిరిగి, ఎదురుగా వెళ్లి చేతికిస్తారు తప్ప వెనక నుంచి పిలవరు. పిలిచారా, ఆ మనిషి తిరిగి రావాలి, కూర్చోవాలి, గుక్కెడు నీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. ఇది అన్ని ఇళ్లలోనూ ఉన్నదే. ఏటిలోకి వెళ్లేవాళ్ల విషయంలో ఇంకా గట్టిగా ఉంటుంది. ఉరవడిలో పడ్డవాడు వెనక్కొచ్చి కూర్చోలేడు గదా.

నాకు మరీ గట్టి. ఎందుకో చెప్పాలి.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా నాన్న పాకకి తాటాకు కొట్టడానికి కత్తి భుజానేసుకుని బయల్దేరాడు. వీధి మలుపు దాకా వెళ్లాక నేను అరుగు మీంచి అరిచాను, "నాన్నా, ముంజెలు తే" అని. వెనక్కి తిరిగాడు. నవ్వి తలూపాడు. తిరిగి రాలేదు, కూర్చోలేదు, నీళ్లు తాగలేదు. మధ్యాహ్నానికి తడిక మీద మోసుకొచ్చారు. ఆకు కొట్టడం అయిపోయిందట. ముంజెల గెల కోసం ఇంకో చెట్టెక్కాడట. ఏడ్చేవాళ్ల మధ్యలోంచి ఎవరిదో ఆడగొంతు వినిపించింది. "గుంట ఎనక నుంచి పిలిసిందట." అంతే. ఆ తరవాత నన్నెవరూ ఒక్క మాటన్నది లేదు. ఎవరైనా అని ఉంటే తిరిగి ఏడ్చేదాన్నేమో. అనకపోయేసరికి అది నా లోపలే ఉండిపోయి, నాతోపాటే పెద్దదైంది.

మా అత్త నాకు సొంత మేనత్త. పోయినవాడు ఆమెకి ఒక్కగానొక్క అన్న. అయినా నన్ను ఏరికోరి తన పెద్దకొడుక్కి చేసుకుంది. ఆ మాట ఆమె చెవినా పడే ఉంటుంది. ఇన్నేళ్లలో ఒక్కనాడూ ఎత్తలేదు.

రెండేళ్ల కిందట, దసరా ఇంకా వారముందనగా ముగ్గురొచ్చారు. ఒక మొగుడూ పెళ్లాం, ఆ అమ్మాయి తమ్ముడు. తమ్ముడు కండలు తిరిగినవాడు, ఈత పోటీల్లో కప్పులు తెచ్చుకున్నాడని అక్క చెప్పింది. రాత్రి తాగిన చోడి అంబలి, అదే రాగి జావ, ఇంకోసారి కావాలని పొద్దున అడిగి తాగాడు. ఆకాశంలో గుప్పెడు మబ్బు లేదు. ఎండ నిగనిగలాడుతోంది.

మా దగ్గర ఎండ ఉందంటే ఏటికి సంబంధం లేదు. దాని నీరు పైనుంచి వస్తుంది. ఒడిశా సరిహద్దు ఊళ్లో మా ఆయనకి చినమావ ఒకడున్నాడు. అక్కడ గట్టి వాన పడితే ఫోన్ చేస్తాడు. ఫోన్ రాకపోతే వాన లేనట్టు. మొదటి నుంచీ అలాగే నడిచింది. ముందురోజు సాయంత్రం నుంచి వాళ్ల ఊళ్లో టవర్ చచ్చిపోయిందని మాకు తరవాత తెలిసింది. ఆ పొద్దున మాకు తెలిసిందల్లా ఫోన్ రాలేదని.

"రాయేటందే?"

"నడిమి గాటు దగ్గరే ఉన్నాది బావా. బాగానే ఉన్నాది."

అది నిజం. నేను చూసినప్పుడు అక్కడే ఉంది. ఇంకొకటి కూడా చూశాను, చెప్పలేదు. పీతలు మూడు నాలుగు రేవు మెట్లెక్కి మా ఇంటి గోడ మొదట్లో నక్కి ఉన్నాయి. ఎండకి వచ్చాయనుకున్నాను. పీతలు ఎండకి రావని నాకు తెలుసు.

పడవలు దిగాయి. ముందు మా మరిది. మధ్యలో ఆ ముగ్గురు. అందరికీ వెనక మా ఆయన, పసుపు హెల్మెట్టు. ముందువాడు దారి చూపిస్తాడు, వెనకవాడు పడినవాళ్లని లేవదీస్తాడు. ఎప్పుడూ ఇదే వరస. వాళ్లు రేవు వదిలారు. నేను ఉప్మా గిన్నె పట్టుకుని రాయి దగ్గరికి దిగాను.

గరిటె తోమి, రాయి మీద పొడిగా ఉన్నచోట పెట్టి, బూడిద కోసం వెనక్కి తిరిగాను. మళ్లీ చూస్తే గరిటె నీళ్లలో ఉంది. నెమ్మదిగా కదిలి, నా కళ్ల ముందే జారిపోయింది.

నడిమి గాటు లేదు.

వంగి చూశాను. పచ్చగా ఉండే నీరు పాలు తక్కువైన టీలా ఉంది. ఎండుటాకులు, పుల్లలు, వాటి వెనక మురికి నురగ, ఒక బారులాగా వస్తున్నాయి. మా అత్త ఒకసారి చెప్పింది, ఏరు పెరిగే ముందు అరవదు, గొంతు తగ్గిస్తుందని. చిన్నరాళ్లు మునిగిపోతాయి కాబట్టి వాటి గలగల ఆగిపోతుంది. అప్పుడు విన్నాను. రేవంతా ఎవరో పక్కగదిలో మాట్లాడి మానేసినట్టుంది.

తలెత్తాను. నలుగురూ మలుపు తిరిగిపోయారు. మా ఆయన ఇంకా తిరగలేదు. పసుపు హెల్మెట్టు కనిపిస్తోంది, వీపు నా వైపు. గట్టిగా ఒక్క కేక వేస్తే అందే దూరం.

నోరు తెరిచాను. మాట రాలేదు. రాలేదని కాదు, వచ్చినదాన్ని మింగేశాను. ఆ భుజాన కత్తి లేదు, చేతిలో తెడ్డుంది, అంతే తేడా. పిలిస్తే తిరుగుతాడు, నవ్వుతాడు, తలూపుతాడు. తిరిగి రాడు, కూర్చోడు, నీళ్లు తాగడు.

గట్టు మీద చోళ్లు ఎండబెడుతున్న మా అత్త చూసింది.

"ఏటే, అలగ కొయ్యలాగ నిలబడిపోనావు?"

"అత్తా, నీరు సూడు."

చూసింది. చేట కింద పడేసింది. "మరి పిలువే!"

"ఎనక నుంచి ఎలగత్తా..."

"ఒసే, పిలువే! పిలువే ఆడిని!"

నేను కాదు, ఆమే అరిచింది. ముసలి గొంతు, గాలికి చీలిపోయింది. మలుపు దగ్గర అప్పటికి నీరు తప్ప ఏమీ లేదు.

ఎంతసేపని ఎవరైనా అడిగితే, రెండు గుటకలు మింగినంతసేపు.

"అడ్డదారినెల్లు! బేగెల్లు, ఆలకి ఎదరకెల్లు!" అని నా వీపు మీద చరిచింది.

మా ఏరు కొండ చుట్టూ తిరిగొస్తుంది. పడవలకి గంట పడుతుంది. మధ్యలో ఆగుతారు, ఫోటోలు తీసుకుంటారు. విస్తళ్లకి అడ్డాకులు ఏరుకునే ఆడవాళ్ల కాలిదారి మాత్రం కొండ మీంచి నేరుగా దిగుతుంది. ఆ దారిన పరిగెత్తాను. కాళ్లకి చెప్పుల్లేవు. ముళ్లు గుచ్చుకున్నట్టు కూడా అప్పుడు తెలియలేదు. దారి పొడుగునా ఒకటే అనుకున్నాను, ఎదురుగా వెళ్లి పిలిస్తే తప్పు లేదు, ఎదురుగా వెళ్లి పిలిస్తే తప్పు లేదు అని. ఇది తలచుకుంటే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది.

కొండ దిగినచోట ఏరు ఇరుకులో పడుతుంది. రెండు వైపులా నిలువురాళ్లు, మధ్యలో నీరు నిక్కి దూకుతుంది. దానికి కాస్త ఎగువన చిన్న ఇసుకతిన్నె ఉంది. మా ఆయన ఎప్పుడూ అక్కడ అందరినీ ఒడ్డెక్కించి, ఇరుకుని కళ్లారా చూపించి, భయపడేవాళ్లని నడిపించి తీసుకెళ్తాడు. నేను తిన్నె మీదకి దిగేసరికి అది సగమే ఉంది.

ముందు మా మరిది కనిపించాడు. నన్ను చూసి తెడ్డెత్తి నవ్వాడు.

"ఏటొదినా, ఆవకాయ మర్సిపోనామని కొండెక్కి దిగీసినావేటి?"

"ఒడ్డెక్కండి! నీరొస్తన్నాది! బేగెక్కండిరా!"

వాడు నీళ్లలోకి చూశాడు. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. దూకి, వెనకొస్తున్న ఆ మొగుడి పడవ ముక్కు పట్టి లాగాడు, తరవాత ఆ అమ్మాయిది. నేను ఆమెని చంకల కింద పట్టి రాళ్ల మీదకి ఈడ్చాను.

"బావేడి?"

"ఎనకాలున్నాడు. ఆ బాబు రెండుపాల్లు తిరగబడిపోనాడు. లేపుతన్నాడు."

ఆ అమ్మాయి తమ్ముడి పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. ఆమె పిలుస్తూనే ఉంది. నాకు ఆమె నోరు చూస్తుంటే అసూయ వేసింది.

తిన్నె మా కాళ్ల కింద కరిగిపోయింది. ఇంకా పై రాతికెక్కాం. ఒక చెట్టు మొదలు వేళ్లతో సహా వచ్చి ఇరుకులో అడ్డం పడి, పెఠేల్మని విరిగి లోపలికి పోయింది. అప్పుడు ఎగువ నుంచి బరువు లారీ గట్టెక్కుతున్నట్టు చప్పుడు మొదలైంది. అది రాళ్లు నీటి అడుగున దొర్లే చప్పుడు.

ఇద్దరూ ఒకేసారి కనిపించారు. ఆ కుర్రాడికి తెడ్డు లేదు, రెండు చేతులతో పడవ అంచులు పట్టుకున్నాడు. మా ఆయన తన పడవ ముక్కుని వాడి పడవ డొక్కకి ఆనించి, మా వైపుకి నెట్టుకొస్తున్నాడు. నేను అప్పుడు పిలిచాను. బావా అని, ఇటు అని, నా గొంతు ఎంతుందో అంతా పెట్టి పిలిచాను. ఎదురుగా ఉన్నాను గదా. మా మరిది తాడు విసిరాడు. కుర్రాడు పట్టుకున్నాడు. వాడిని ఆఖరిసారి గట్టిగా నెట్టేసరికి మా ఆయన పడవ అడ్డం తిరిగిపోయింది.

ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. భయపడ్డట్టు లేడు. గుమ్మంలో టీ గ్లాసుతో కూర్చుని అడిగేటప్పుడు ఎలా చూస్తాడో అలా చూశాడు. అంతలో ఇరుకు ఆయన్ని మింగేసింది.

మా మరిది రాళ్ల మీద పడుతూ లేస్తూ కిందికి పరిగెత్తాడు. నేను ఆ ముగ్గురితో ఉండిపోయాను. కుర్రాడు తాగిన అంబలంతా కక్కుకున్నాడు. కాసేపటికి నన్నడిగాడు, "అన్నకి ఏం కాదు కదండీ?"

నేను వాడికి కొంగుతో తల తుడిచాను.

ముందు పడవ దొరికింది, ఖాళీగా. ఆ కబురు మా అత్తకి నాకన్నా ముందు చేరింది. మేం ఇంటికొచ్చేసరికి ఆమె రేవులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉంది. నల్లరాయి కనపడటం లేదు. నా ముళ్ల కాళ్లు చూసి, పసుపు నూరుకొచ్చి పెట్టింది.

పొద్దు వాలకముందే మా మరిది, ఒక మేకల కాపరి కలిసి ఆయన్ని మంచం మీద మోసుకొచ్చారు. ఇరుకు దిగువన మునిగిన పొద గుబురొకటి పట్టుకుని ఉన్నాడట. భుజం ఎముక విరిగింది. కుడి చెవిలోంచి రక్తం కారుతోంది. ఊపిరుంది.

మంచం దింపుతుంటే ఆ రక్తం కొంగుతో అద్దాను. మా అత్త మంచం కోడు పట్టుకుని, "ఒచ్చీసినావురా" అంది.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఊరూ వాడా చూడ్డానికొచ్చింది. ఆ ముగ్గురూ రోజూ ఫోన్ చేసేవారు. అందరిదీ ఒకటే పాట. నేను కొండ దాటి పరిగెత్తకపోతే ఐదుగురూ పోయేవారని. మా ఆయనే పడుకుని అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు.

"నా బతుకంటే దీనిదే. ఉట్టికాళ్లతో కొండ దాటీసింది మరి."

నేను టీలు అందించేదాన్ని. మూల కూర్చుని బియ్యంలో రాళ్లేరుతున్న మా అత్త తలెత్తేది కాదు.

ఒకనాడు ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను. "అత్తా, బావకి సెప్పీనా?"

"ఏటి సెప్తావు?"

"ఆనాడు సూసి కూడా పిలవనేదని."

చేట కింద పెట్టింది.

"మీ నాన్న సెట్టెక్కినాడు, జారిపోనాడు. నువ్వు ముంజెలడిగినావు, అంతే. ఏ గుంట అడగదూ? ఈ మాట నీకు ఆనాడే సెప్పీవలసింది. కోడలివై వొచ్చినాక కూడా సెప్పనేదు. నానూ నోరు మూసుకునే ఉన్నాను." చేట మళ్లీ ఎత్తుకుంది. "సెప్పు. కాని అన్నం తిన్నాక సెప్పు."

చెప్పలేకపోయాను. ఏడాది గడిచింది. ఎముక అతుక్కుంది. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం పనిచేస్తుంది. ఇప్పుడు చినమావ వాన ఉన్నా లేకపోయినా పొద్దున్నే ఫోన్ చెయ్యాలి. చినమావ గొంతు వినకుండా పడవ దిగదు. అది ఒక్కటీ మార్చుకున్నారు. మిగతాదంతా మళ్లీ మామూలే. నిరుటి వానలు తగ్గాక మా ఆయన మళ్లీ గుమ్మంలో కూర్చున్నాడు.

"రాయేటందే?"

నడిమి గాటు. నీరు పచ్చగా ఉంది. పీతలు వాటి బొక్కల్లో ఉన్నాయి. చినమావ ఫోన్ చేశాడు. వచ్చినవాళ్లు నలుగురు పడవల్లో కూర్చున్నారు. మా మరిది రేవు వదిలాడు. మా ఆయన తన పడవ భుజానికెత్తుకుని నీళ్లలోకి నడుస్తున్నాడు, వీపు నా వైపు.

"బావా!"

వినిపించలేదు. ఇంకా గట్టిగా పిలిచాను. "బావా!"

నీళ్లలోంచి మా మరిది గొల్లుమన్నాడు. "ఓలమ్మో, ఎనక నుంచి పిలుస్తన్నావేటొదినా! ఇదేటి పోయేకాలం!"

మా ఆయన తిరిగాడు. నా మొహం చూసి పడవ దించాడు. ఒడ్డుకొచ్చి నల్లరాయి మీద కూర్చున్నాడు. నేను చెంబుతో నీళ్లిచ్చాను. తాగాడు. అన్నీ పద్ధతి ప్రకారం చేశాడు.

"ఏటి మర్సిపోనాను?"

ఎడమ చెవి దగ్గర వంగి చెప్పాను. గరిటె కొట్టుకుపోవడం దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. పీతల సంగతి కూడా.

"ఎంతసేపు?" అన్నాడు.

"రెండు గుటకలు."

గాట్ల వైపు చూశాడు. పడవల్లో ఉన్నవాళ్లు ఏం జరుగుతోందో తెలియక ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. ఆయన తిడతాడనుకున్నాను. ఫరవాలేదంటాడని కూడా ఆశపడ్డాను. లేచి ఇంట్లోకి వెళ్లాడు. అన్నం తినే కంచు పళ్లెం, ఒక ఇనప గరిటె తెచ్చి నా చేతుల్లో పెట్టాడు.

"నాకిప్పుడు పిలిస్తే సాలదు," అన్నాడు. పడవెత్తుకుని వెళ్లిపోయాడు.

అప్పట్నుంచి వాళ్లు దిగిన ప్రతి పొద్దునా నేను ఆ రాయి మీద నిలబడతాను, ఒక చేత పళ్లెం, ఒక చేత గరిటె. కొత్తగా వచ్చినవాళ్లు అదేదో మా ఆచారమనుకుని ఫోటో తీసుకుంటారు. నేను వాళ్ల వైపు చూడను. ఒక కన్ను గాటు మీద, ఒక కన్ను పసుపు హెల్మెట్టు మీద. మా అత్త గట్టు మీద కూర్చుని ఏటి గొంతు వింటుంది. పళ్లెం చప్పుడు మలుపు దాకా అందుతుందని మా మరిది అటు నిలబడి చూసి చెప్పాడు. మలుపు దాటితే అందదు.